ఇరవై బైట్లు

విజయవాడలో ఒక చిట్‌ఫండ్ కంపెనీ. చీటీల లెక్కలన్నీ ఒకే లైనక్స్ సర్వర్‌లో ఉంటాయి. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏ కంప్యూటర్ నుంచి వచ్చారు, ఎవరి ఖాతాలో ఏం మార్చారు అన్నది చీటీల ప్రోగ్రాము ఒక లాగ్ ఫైల్లో రాసుకుంటూ పోతుంది. అది మరీ పెరిగినప్పుడు సిస్టమ్స్ చూసే కుర్రాడు పాత భాగం తీసి పారేసేవాడు. ఎవరూ అడగలేదు.

ఒకనాడు ఆడిటర్ గారు వచ్చి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలను బల్లమీద పెట్టారు. లాగులు 180 రోజులు దాచాలి. సైబర్ దాడి బయటపడిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి.

"రేపటికల్లా అయిపోవాలి," అన్నారు మేనేజర్ గారు.

కుర్రాడు ఆ రాత్రే, లాగ్ ఫైళ్లను సర్దిపెట్టే లాగ్‌రొటేట్‌కు నాలుగు ముక్కలు రాసిపెట్టాడు. రోజూ అర్ధరాత్రి లాగ్ ఫైలుకు తేదీ తగిలించి పక్కన పెట్టాలి. దాని చోట ఖాళీ ఫైలు పెట్టాలి. పాతదాన్ని కుదించాలి. 180 దాటితే అన్నిటికన్నా పాతది చెరిపేయాలి. ఆఖరున, చీటీల ప్రోగ్రామును ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

మేనేజర్ గారు ప్రింటు తీయించుకుని చదివారు. అందులో ఆయనకు అర్థమైంది ఆఖరి లైనొక్కటే.

"ఆపడమేమిటయ్యా?"

"అర నిమిషమే సార్. ఆపకపోతే ప్రోగ్రాము పాత ఫైలునే..."

"నేను ఈ కుర్చీలో కూర్చున్నాక మన సర్వర్ ఒక్క క్షణం ఆగలేదు. ప్రతి బోర్డు మీటింగులో ఆ మాట చెబుతాను. ఆ లైను తీసెయ్."

కుర్రాడు తీసేశాడు. తర్వాత బెంగళూరులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు.

ఆర్నెల్లు దాటాక ఆడిటర్ గారు మళ్లీ వచ్చారు. కుర్రాడి స్థానంలో చేరిన అమ్మాయి ఫోల్డర్ తెరిచి చూపించింది. పేరు, తేదీ, పరిమాణం. ఆడిటర్ గారు తెరమీద వేలుపెట్టి తేదీల వెంట కిందికి దిగారు. ఒక్క రోజు కూడా తప్పలేదు. సరిగ్గా 180 ఫైళ్లు. పక్కనున్న పరిమాణం గడిలో పైనుంచి కిందిదాకా ఒకటే అంకె: 20 బైట్లు. ఆయన వేలు ఆ గడి మీదికి వెళ్లలేదు. కాఫీ తాగి, సంతకం పెట్టారు. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో తగిలించారు.

"సార్, ఫోల్డర్లన్నీ కూడితే డిస్క్‌లో సగం కూడా లెక్క రావడం లేదు. డిస్క్ మాత్రం నిండిపోతోంది," అంది అమ్మాయి ఆ వారంలో.

"వ్యాపారం పెరుగుతోందమ్మా," అన్నారు మేనేజర్ గారు.

మరికొన్నాళ్లకు ఒక సోమవారం పొద్దున్నే తొమ్మిదిమంది చందాదారులు కౌంటర్ దగ్గరికి వచ్చిపడ్డారు. వాళ్లు పాడుకున్న చీటీల సొమ్ము వేరే ఎవరి బ్యాంకు ఖాతాల్లోకో వెళ్లింది. ఎవరో లోపలికి దూరి ఖాతా నంబర్లు మార్చేశారు. ఎవరన్నది లాగే చెప్పాలి.

అమ్మాయి నిన్నటి ఫైలు విప్పింది. ఏమీ లేదు. మొన్నటిదీ అంతే. వరసగా విప్పుకుంటూ పోయింది. ఏమీ లేని ఫైలును కుదిస్తే వచ్చేది 20 బైట్లు.

బెంగళూరుకు ఫోన్ చేసింది.

"అవి ఖాళీగానే ఉంటాయండీ," అన్నాడు కుర్రాడు. "ప్రోగ్రాము మొదటిరోజు తెరిచిన ఫైలును ఇంకా వదల్లేదు. మనం దాని పేరు మార్చాం, కుదించాం, చెరిపేశాం. అది మాత్రం అందులోనే రాసుకుంటూ కూర్చుంది. ఫోల్డర్లో పేరు కనబడదు కానీ రాసిందంతా డిస్క్ మీదే ఉంటుంది. ఆ ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ బయటికి తీయొచ్చు. ఎలాగో ఇప్పుడే మెసేజ్ పెడతాను. ఇన్ని నెలలదీ అక్షరం పోకుండా దొరుకుతుంది. సర్వర్ మాత్రం ఆపనివ్వకండి."

అమ్మాయి ఒక్క పరుగున మేనేజర్ గారి గదికి వెళ్లింది. ఆయన 6 గంటల్లో పంపాల్సిన నివేదిక రాయిస్తున్నారు. 'తీసుకున్న చర్యలు' అన్న చోటు దాకా వచ్చారు.

"సార్, లాగ్ మొత్తం ఉంది! ఎవరు చేశారో సాయంత్రానికి తెలిసిపోతుంది. సర్వర్ ఆపకుండా ఉంటే చాలు."

మేనేజర్ గారు నవ్వారు.

"ఇంత జరిగాక చేతులు ముడుచుకుని కూర్చుంటానా అమ్మా? కబురు తెలియగానే దగ్గరుండి ప్లగ్గు పీకించి మళ్లీ పెట్టించాను. వెళ్లి చూడు, డిస్క్ కూడా సగానికి సగం ఖాళీ అయింది."