ఎర్ర సైకిలాయన బాకీ

ఐపీఎస్‌కు, ఐపీకి ఒక్క అక్షరమే తేడా. నేను మొదటిది అవుతానని మా నాన్న ఆశ. ఆ ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయి, ఇరవై ఏళ్లు కిరాణా కొట్టు నడిపి, చివరికి కోర్టులో ఐపీ పెట్టాను. 1920 నాటి దివాలా చట్టం ప్రకారం తీర్చలేని అప్పు 500 రూపాయలుంటే చాలు. ఆ అర్హత నేను కొట్టు తెరిచిన రెండో నెలకే సాధించాను.

కొట్లో ‘అరువు రేపు’ అని బోర్డు కట్టాను. జనం బోర్డును గౌరవించి మర్నాడే వచ్చారు. నేను మాట మీద నిలబడ్డాను.

ఐపీ పెట్టినవాడు తనకు రావలసిన బాకీల జాబితా కూడా ఇవ్వాలట. వసూలు చేసేది కోర్టు వేసిన రిసీవరు. వచ్చిన డబ్బు నా అప్పులవాళ్లకు. వంటగిన్నెలు, కట్టుబట్టలు, మంగళసూత్రం జోలికి రాని చట్టం, లెక్కల పుస్తకాన్ని మాత్రం వదలదు. దాంతో నూనె మరకల ఖాతా పుస్తకాన్ని నేనూ మా ఆవిడా ముందేసుకుని కూర్చున్నాం.

“ఏమండీ, ‘ఎర్ర సైకిలాయన, 640’ అంటే ఎవరు?”

“ఎర్ర సైకిలు మీద వస్తాడే, ఆయన!”

“పేరు?”

“అడిగితే ఏమనుకుంటాడోనని...”

రిసీవరుగారు పుస్తకం తిప్పి, “సంతకాలేవీ?” అన్నారు. సరుకిచ్చిన రోజు నుంచి మూడేళ్లు దాటితే దావా నిలవదట. గడువు లోపల బాకీ ఒప్పుకుంటూ సంతకం పెడితే మళ్లీ మూడేళ్లు. నా పుస్తకంలో సగానికి కాలదోషం, మిగతా సగానికి నా చేతిరాత దోషం.

ఓ సాయంత్రం నూనె మిల్లు బాకీవాడు వస్తుంటే రామాలయం వెనక గోడ చాటుకు తప్పుకున్నాను. అక్కడ అప్పటికే ఎర్ర సైకిలాయన ఉన్నాడు, నన్ను చూసి దాక్కుని! ఇద్దరం మొహాలు చూసుకున్నాం. “టీ తాగుదాం రండి” అన్నాడు మర్యాదగా. తాగాక బడ్డీవాడితో “నా ఖాతాలో రాయి” అన్నాడు. 640 అడగాలని నోటిదాకా వచ్చింది. ఆయన టీ తాగి ఎలా అడగను?

మా ఆవిడ ఆ మొహమాటం పెట్టుకోలేదు. శ్రావణ శుక్రవారం పేరంటంలో, పదిమంది మధ్య, రెండో సందు పిన్నిగారిని “మా కొట్టు కందిపప్పు బాగా ఉడికేదా పిన్నిగారూ?” అని ఒక్కమాట అడిగింది. సాయంత్రానికల్లా 1,180 రూపాయలు రిసీవరుగారికి చేరాయి. ఇరవై ఏళ్లు గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చోవలసిందో నాకప్పుడు తెలిసింది.

చివరి పేజీ దగ్గర రిసీవరుగారు ఆగారు. “ఈ ‘ఇంటికి’ ఎవరండీ? 46,300. మీ బాకీదారుల్లో ఈయనే పెద్ద. ఏ ఊరు?”

మా ఆవిడ నావైపు చూసింది. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను. నెయ్యి, జీడిపప్పు, మా బావమరిది పెళ్లికి పంపిన బెల్లం బుట్టలు, అన్నీ ఆ ఫ్యానుతో పాటు తిరిగాయి.

కొట్టున్నవాళ్లకు నా మనవి: అరువిస్తే పేరు, తేదీ, సంతకం తప్పక తీసుకోండి. మీ పుస్తకంలో ‘ఇంటికి’ అనే పేజీ ఉంటే, అన్నిటికన్నా ముందు ఆ బాకీ వసూలు చేయండి.