అన్నీ లావే అయితే ఎలాగురా?

ఒరే అబ్బాయ్, ఇలా రా. ఉత్సవాల్లో వేసే సత్యహరిశ్చంద్ర నాటకానికి నువ్వు చేసిన పోస్టరు చూశాను. నాటకం పేరు లావు, తేదీ లావు, చందాలిచ్చినవాళ్ల పేర్లు లావు, ఆఖరికి షామియానా వాడి ఫోన్ నంబరూ లావే. పదిమందీ ఒక్కసారే అరిస్తే ఎవరి మాట చెవికెక్కుతుందిరా?

మా రోజుల్లో, తెనాలిలో నేను పనిచేసిన ప్రెస్సులో, చిన్న అక్షరాలు సీసంవి, పెద్దవి చెక్కవి. అంత పెద్దవి సీసంతో పోస్తే మోయలేం మరి. పైగా మన తెలుగు! పైన గుడి, కింద వత్తు, పక్కన కొమ్ము. ఇంగ్లీషు పోస్టరుకి ఇరవయ్యారు అక్షరాలు చాలు, మనకు వందల ముక్కలు కావాలి. అన్నీ లావువి కొనే స్తోమతు ఏ ప్రెస్సుకుంటుంది? అందుకే పోస్టరులో ఒక్క మాటకే ఆ భాగ్యం. ఆ మాట ఏదో తేల్చడానికి రెండు టీలు, ఒక పోట్లాట.

ఓసారి ఇదే నాటకం. ‘హరిశ్చంద్ర’ కూరుస్తుంటే శ కింద పెట్టే చ వత్తు లేదు. మా పెద్ద కంపోజిటరు గారు మారు మాట్లాడకుండా లినోలియం ముక్క తీసి, వత్తుని అద్దంలో కనిపించేట్టు తిరగేసి చెక్కారు. ఎత్తు చాలక కింద అట్టముక్కలు దోపారు. ఇంకు రోలరు దొర్లించి, గులాబీ కాగితం పరిచి చేతిప్రెస్సు లాగితే, ఆ నలుపులో చెక్క నరాలు సన్నగా గులాబీ రంగులో తేలాయి. వత్తు కాస్త పక్కకి ఒరిగింది. ఒరిగితేనేం, బస్సులో పోయేవాడికి ‘హరిశ్చంద్ర’ కనబడింది. దిగినవాడు దగ్గరికొచ్చి తేదీ చదువుకున్నాడు. లావు అక్షరం పని పిలవడం, సన్న అక్షరం పని చెప్పడం.

నువ్వు వాడింది రామభద్ర ఫాంటన్నావు. పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించినది, సిలికానాంధ్ర అందరికీ ఉచితంగా ఇచ్చినది, అష్టదిగ్గజాల్లో అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టుకున్నది. మంచి నిండైన అక్షరం, కాదనను. వత్తు దొరకలేదన్న బాధ లేదు. మా పోస్టర్లలో అచ్చుతప్పులు ఉండేవి, ఇంకు ఎక్కువై సున్నలు పూడిపోయేవి, అదీ ఒప్పుకుంటాను. కానీ అది హెడ్డింగులకీ పోస్టర్లకీ పుట్టిన అక్షరంరా! దాన్ని పట్టుకొచ్చి చీమంత సైజుకి దించితే థ కడుపులో చుక్క పూడిపోయి ధ అయి కూర్చుంటుంది. నీ పోస్టరు కింద ‘కథ’ అన్న మాట చూడు, ఏమని చదువుతావో.

పో, పోయి మళ్లీ చెయ్యి. ‘హరిశ్చంద్ర’ ఒక్కటే లావుగా ఉంచు. దాని చుట్టూ జానెడు జాగా ఖాళీగా వదులు. ఆ షామియానా నంబరు సన్నటి అక్షరాల్లో అడుక్కి దించు. అచ్చుకి పంపేముందు నాకోసారి చూపించు, వీధి అవతల నిలబడి చదువుతాను.