దొరవారి మాన్యం

ఇంగ్లండులో మహాగని కర్రతో చేసిన మూడు అరల బల్ల ఒకటి ఉండేది. ఇప్పుడు లేదని కాదు, ఎక్కడో ఉండే ఉంటుంది. భోజనాల గదిలో గోడవారగా నిలబెట్టి, వడ్డనకు ముందు గిన్నెలు సర్దుకునే రకం. దాని యజమాని నికొలస్ సోమ్స్. చర్చిల్‌కు స్వయానా కూతురి కొడుకు, కన్సర్వేటివ్ ఎంపీ, జాన్ మేజర్ ప్రభుత్వంలో సైనిక దళాల సహాయమంత్రి కూడా. ఆ బల్ల జాతి సంపద కాబట్టి దానిమీద వారసత్వపు పన్ను అక్కర్లేదని సర్కారు ఒప్పుకుంది. బదులుగా ఆయన ఒప్పుకున్నదల్లా ఒకటే. జనంలో ఎవరైనా చూస్తామని వస్తే చూపించాలి.

ఎవరొస్తారు చెప్పండి? బల్ల ఉన్నట్టు తెలిస్తే కదా రావడానికి!

1990లలో మార్క్ థామస్ అనే హాస్యగాడికి ఈ సంగతి తెలిసిపోయింది. చానెల్ ఫోర్‌లో అతనికో కార్యక్రమం ఉండేది. బల్ల చూడటం మన హక్కేనయ్యా, అపాయింట్‌మెంట్ అడగండి అని ప్రేక్షకులను ఎగదోశాడు. మహాగని కర్రమీద ఇంగ్లండు ప్రజలకు ఎక్కడలేని ఆసక్తీ ఆ వారంలోనే పుట్టుకొచ్చింది. ఎంపీగారు ఇల్లు తెరిచి జనానికి బల్ల చూపించే బదులు పన్నేదో కట్టేయడమే మేలనుకున్నారు. ఖజానాకు ఆడిటర్లు చేయలేని మేలు ఒక కమెడియన్ చేసిపెట్టాడు. 1998లో చట్టాన్నే సవరించారు. కొత్తగా మినహాయింపు కావాలంటే అపాయింట్‌మెంట్ ఒక్కటే పెడితే చాలదు, ముందస్తుగా చెప్పకుండా వచ్చేవాళ్లకు కూడా కొన్నాళ్లు చూపించాలి, చూపిస్తున్నామని నలుగురికీ తెలియజేయాలి అన్నారు. అదీ ఒక చట్టంలో రాయాల్సి వచ్చింది.

బల్ల సరే. బల్లను బీరువాలో దాచొచ్చు. కొండను ఎక్కడ దాస్తారు?

ఆ దేశంలో మనిషి పోతే 3 లక్షల 25 వేల పౌండ్లు దాటిన ఆస్తిమీద 40 శాతం సర్కారు పట్టుకుపోతుంది. (మనదేశంలో 1985లోనే ఎస్టేట్ డ్యూటీ ఎత్తేశారు కనుక మనకు చావు ఉచితం. ఖర్చంతా పెద్దకర్మ భోజనాలకే.) అక్కడ 1894లో ఈ మరణపు పన్ను మొదలైన రెండేళ్లకే, గొప్పింటి చిత్రపటాలకు, చారిత్రక వస్తువులకు మినహాయింపు వచ్చేసింది. పన్నుకు కాళ్లు రాకముందే మినహాయింపు పరుగెత్తింది. 1970లలో ఆ మినహాయింపు పెరిగి కోటలకు, తోటలకు, చూడచక్కని కొండలకు, పచ్చికబయళ్లకు కూడా పాకింది. బేరం పైకి బాగానే ఉంటుంది. పది లక్షల పౌండ్ల భూమికి నాలుగు లక్షల పన్ను మేము వదులుకుంటాం, మీరు ఆ భూమిని చెడగొట్టకుండా కాపాడండి, జనాన్ని లోపలికి రానివ్వండి. మాట తప్పితే, భూమి అమ్మితే, పన్ను మళ్లీ మెడకు చుట్టుకుంటుంది. ఎక్కడెక్కడ ఏమేం చూడొచ్చో పన్నుల శాఖవారే ఒక జాబితా పెట్టారు. దాచిందేమీ లేదు. ఎవరూ చూడని చోట పెట్టారు, అంతే.

ఈ జాబితా పనిగట్టుకుని చూసిన తెలుగువాడు నాకు ఒక్కడే తెలుసు. మా మేనల్లుడు. రెడింగ్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేరు. లండన్ చుట్టుపక్కల మనవాళ్లు ఏమీ తక్కువ లేరు గదా, ఆదివారం వచ్చిందంటే పులిహోర కట్టుకుని కార్లేసుకుని ఏదో ఒక పచ్చదనం మీదికి పోతారు. ఫోన్ చేసి వాపోయాడు.

"మామయ్యా, 50 వేల పౌండ్లు దాటిన జీతంలో నలభై శాతం పోతోంది. నేను బతికుండగానే నలభై కడుతున్నా. ఈ జాబితాలోని కొండ దొర చచ్చిపోయి కూడా కట్టలేదు. పోనీ ఆ కొండేదో చూసొద్దామంటే లాయరు నంబరిచ్చారు."

నిజమే. జాబితాలో భూమి వివరాలుంటాయి, ఎవరిని అడగాలో ఉంటుంది. చాలాచోట్ల ఆ అడగాల్సినవాడు ఎస్టేటు ఏజెంటో, సొలిసిటరో. మనవాడు ఉత్తరం రాశాడు. జవాబు వచ్చింది. ఇంగ్లీషువాడి జవాబులో ఉండే మర్యాద మన శుభలేఖల్లో కూడా ఉండదు. మార్చి నుంచి జులై వరకు నేలమీద గూళ్లు కట్టే పక్షులు పొదుగుతుంటాయి, పైగా గొర్రెలు ఈనే కాలం, తమరు దయచేసి అర్థం చేసుకోగలరు. ఆగస్టు 12న గ్రౌజు పక్షుల వేట మొదలై డిసెంబరు 10 వరకు సాగుతుంది, తమరి క్షేమం మాకు ముఖ్యం. అక్టోబరు ఒకటి నుంచి ఫెజెంటు వేట, అది ఫిబ్రవరి ఒకటిన ముగుస్తుంది.

"ఇంక మిగిలిందేంట్రా?"

"ఫిబ్రవరి రెండు నుంచి నెలాఖరు దాకా. ఆగస్టులో ఓ పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ వేటకు ఏర్పాట్లు చేసుకుంటారట."

ఇందులో నాకు బాగా నచ్చింది పక్షులమీద ప్రేమ. మార్చిలో గుడ్డుమీద మా మేనల్లుడి నీడ పడితే ప్రకృతి సమతుల్యం దెబ్బతింటుంది. అదే గుడ్డులోంచి వచ్చినదాన్ని ఆగస్టులో తుపాకితో కాలిస్తే గ్రామీణ సంస్కృతి. ఫెజెంట్లనైతే ఫారాల్లో పెంచి ఏటా కోట్ల సంఖ్యలో అడవిలోకి వదులుతారు, కాల్చుకోవడానికే. అన్ని కోట్ల పక్షులకు ఆ పొదల్లో చోటుంది. చోటు లేనిది పులిహోర డబ్బాతో వచ్చే నలుగురికే.

భూస్వాములవైపు కూడా కొంత న్యాయం ఉంది, కాదనను. షికారుకొచ్చినవాళ్లు గేటు తీసి వదిలేస్తారు, కుక్కలు గొర్రెలమీద పడతాయి, ఎండాకాలం బొగ్గుల కుంపటి పెట్టి కొండకు నిప్పంటించిన మహానుభావులూ ఉన్నారు. మనవాళ్లు కూడా ప్లాస్టిక్ పళ్లేలు ఎక్కడ విసిరేస్తారో నాకు తెలుసు. అందుకు జరిమానా వేయండి. కానీ జనం చెత్త పోస్తారు కాబట్టి రానివ్వం, మినహాయింపు మాత్రం జనం వస్తారన్న లెక్కలోనే తీసుకుంటాం అంటే? పెళ్లి చేయకుండా కట్నం మాత్రం పుచ్చుకున్నట్టుంది.

ఇంతకంటే తమాషా మరొకటి. ఈ పథకానికి పక్కనే ఇంకో కౌంటరుంది. వ్యవసాయ భూమికి వారసత్వపు పన్ను మినహాయింపు. అక్కడ ఎవరికీ ఏదీ చూపించక్కర్లేదు. భూమి సాగులో ఉంటే చాలు, 1992 నుంచి నూరు శాతం మాఫీ ఉంటూ వచ్చింది. ఒక కౌంటర్లో మాఫీ కావాలంటే గేటు తెరవాలి. పక్క కౌంటర్లో గేటుకు తాళం వేసుకుని రావచ్చు. ఏ వరసలో నిలబడతారో చెప్పడానికి ఆక్స్‌ఫర్డు చదువు కావాలా? జనానికి భూమి చూపిస్తామని ముందుకొచ్చిన వాళ్లు ఎందుకంత తక్కువమందో అని పార్లమెంటు ఆశ్చర్యపోనక్కర్లేదు.

2024 అక్టోబరులో ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ ఈ రెండో కౌంటరు కిటికీ సగం మూస్తానన్నారు. పది లక్షల పౌండ్లు దాటిన సాగుభూమిమీద 20 శాతం, అదీ పదేళ్లపాటు వాయిదాల్లో, వడ్డీ లేకుండా. నవంబరు 19న లండన్ వీధులు నిండిపోయాయి. వచ్చినవాళ్లలో చిన్నరైతులున్నారు. భూమి విలువ కాగితంమీద కోట్లలో ఉండి, చేతిలో డబ్బు ఆడని వాళ్ల బాధ నిజమైనదే, దాన్ని వెటకారం చేయను. వాళ్ల మధ్యలో టీవీలో కార్లు తోలి పేరు తెచ్చుకున్న జెరెమీ క్లార్క్‌సన్ కూడా ఉన్నాడు. ఆయనకు సుమారు వెయ్యెకరాలుంది. వారసత్వపు పన్ను తప్పుతుందనే కొన్నానని అంతకు ముందు తానే చెప్పుకున్నాడు. ఆ మాట పట్టుకుని అడిగేసరికి, అసలు కారణం పన్ను కాదు పక్షుల వేట, వేటకోసం కొన్నానంటే జనం ఏమనుకుంటారోనని పన్ను సాకు చెప్పానన్నాడు. ఎంత సంస్కారవంతమైన దేశమో చూడండి! పన్ను ఎగవేతకు వేట సాకు చెప్పరు, వేటకే పన్ను సాకు చెబుతారు. చివరికి ట్రాక్టర్ల హారన్లు విని విని 2025 డిసెంబరులో ఆ పది లక్షల పరిమితిని పాతిక లక్షలు చేశారు. ఏడాదికి పైగా సాగిన ఈ రభసలో, పోనీ మాఫీ ఉంచుతాం, బదులుగా పొలం గట్టుమీద ఓ కాలిబాట వదలండి అని బేరం గట్టిగా పెట్టినవాళ్లు నాకు కనబడలేదు.

ఇది చచ్చాక కట్టే పన్ను సంగతి. బతికుండగా? ఇంగ్లండులో వ్యవసాయ భూమికి స్థానిక సంస్థల పన్ను 1929 నుంచి పూర్తిగా సున్నా. మా మేనల్లుడు అద్దెకుంటున్న ఇంటికి మాత్రం కౌన్సిల్ టాక్సు ఉంది, దాన్ని 1991 నాటి ధరలు చూసి, ఇళ్లను బ్యాండ్లుగా విడదీసి లెక్కకడతారు. రెడింగ్‌లో బ్యాండ్ డి ఇంటివాడు కట్టేది, లండన్ నడిబొడ్డున బకింగ్‌హాం ప్యాలెస్‌మీద పడే పన్నుకంటే ఎక్కువ. రాజుగారింటికి పై బ్యాండే, కానీ వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ రేటు చవక. మా వాడి ఇంట్లో కాపలా మార్పిడి వేడుక లేకపోవడం వల్ల కాస్త భారం పెరిగినట్టుంది.

నడిచే హక్కు ఎంతుందని అడుగుతారేమో. 2000లో వచ్చిన చట్టం ప్రకారం ఇంగ్లండులో స్వేచ్ఛగా తిరగదగ్గ నేల దాదాపు 8 శాతం. అందులోనూ కొన్ని ముక్కలు దీవుల్లా ఉంటాయి. ఆ ముక్కమీద నడవడానికి హక్కుంది, ఆ ముక్క దాకా నడవడానికి లేదు. చుట్టూ ప్రైవేటు పొలం. హెలికాప్టరులో దిగితే చట్టబద్ధమే కావచ్చు. స్కాట్లండువాళ్లు 2003లో చట్టం చేసి, పద్ధతిగా నడుచుకునేవాడు దాదాపు ఎక్కడికైనా వెళ్లొచ్చన్నారు. అక్కడి కొండలేమీ కూలిపోలేదు. ఇంగ్లండులోనూ అదే చేస్తామని 2023 మొదట్లో లేబర్ పార్టీ మాటిచ్చింది, అదే ఏడాది అక్టోబరుకు మాట వెనక్కి తీసుకుంది. ఎన్నికల్లో గెలిచాక మాట తప్పడం అందరూ చేసేదే. గెలవకముందే తప్పడం నిజాయితీ కిందికొస్తుందేమో.

అంతకు ముందు 1932లో, మాంచెస్టరు పక్కనున్న కిండర్ స్కౌట్ కొండమీదికి మిల్లు కూలీలు, కుర్రాళ్లు కొన్ని వందలమంది గుంపుగా ఎక్కారు. కొండ డెవన్‌షైర్ డ్యూకుది, గ్రౌజు వేటకు ఉంచుకున్నది. అయిదుగురు జైలుకు పోయారు. 2002లో ఆ డ్యూకుగారి మనవడు, అప్పటి డ్యూకు, అదే కొండ కింద జరిగిన సభలో మా తాత చేసింది తప్పని క్షమాపణ చెప్పాడు. పెద్దమనసే. ఆదివారం షికారుకు అనుమతి అడిగితే డెబ్బై ఏళ్లకు జవాబొచ్చింది. మా మేనల్లుడికి మూడు వారాల్లోనే వచ్చింది, ఆ లెక్కన సొలిసిటరుగారిది మెరుపు వేగం.

మినహాయింపు ఇచ్చి బదులుగా పని అడిగే లెక్కలు ఇంగ్లీషువాళ్లకు తెలియవనుకుంటే పొరపాటు. మనకు నేర్పిందే వాళ్లు. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ వేశారు. మన ఊళ్లలో దేవుడి మాన్యం, భజంత్రీ మాన్యం, మంగలి మాన్యం, అన్నిటికీ శిస్తు మినహాయింపు ఉండేది, బదులుగా చాకిరీ ఉండేది. కమిషన్‌వాళ్లు ఊరూరా లెక్కలు తిరగేశారు. సన్నదు చూపించు. ఎవరిచ్చారు? ఎందుకిచ్చారు? ఇచ్చినపని చేస్తున్నావా? గుళ్లో సన్నాయి ఊదుతున్నావా, ఊదడం మానేసి పొలం మాత్రం తింటున్నావా? అరెకరం భజంత్రీ మాన్యానికి కూడా పుట్టుపూర్వోత్తరాలు రాసి పెట్టారు. ఇవాళ్టికీ కోస్తాలో గుడి భూమి తగాదా వస్తే లాయరు మొదట అడిగేది ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలే. సన్నాయి ఊదేవాణ్ణి సీజనులో పిట్టలున్నాయా అని వాళ్లు అడగలేదు. ఫిబ్రవరిలో మాత్రమే ఊదుతానంటే వాడి పొలం వాడికి మిగిలేదీ కాదు.

కాబట్టి నాదొక ప్రతిపాదన. మా వీధిలో ఒక రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారుగారున్నారు. అడంగలు, ఎఫ్.ఎం.బి., ఆర్.ఎస్.ఆర్. లాంటి రెవెన్యూ రికార్డులు ఆయనకు నోటికొచ్చు. గట్టుమీద నిలబడి కళ్లతోనే సెంట్లు లెక్కకట్టగలరు. ఆయన్ను లండన్ పంపించి ఇంగ్లండు ఇనాం కమిషనరుగా వేయిస్తే సరి. పన్నుల శాఖవారి జాబితా చేతబట్టుకుని ఒక్కొక్క ఎస్టేటు గేటు దగ్గరా నిలబడి, "సన్నదు తీయండి దొరా, సర్వీసు చేస్తున్నారా లేదా?" అని అడుగుతారు. బంట్రోతుగా మా మేనల్లుడు ఎటూ అక్కడే ఉన్నాడు, సెలవు పెట్టుకుంటానన్నాడు.

నిన్న సాయంత్రం ఆయనతో మాట్లాడాను. ఉత్సాహంగానే ఉన్నారు. టీఏ, డీఏ పౌండ్లలో ఇస్తారా, రూపాయల్లోనా అని అడిగారు. తనిఖీకి ఫిబ్రవరి ఒక్కటే దొరుకుతుందని చెప్పాక మాత్రం కాసేపు ఆలోచించి, ఉన్ని కోటుకు విడిగా బిల్లు పెట్టుకోవచ్చేమో కనుక్కోమన్నారు.