నడిరోడ్డు పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

తే. కారు నడిరోడ్డుపై నాగి కదలకున్న
నెత్తుకొనిపోవ రమ్మన్న నెవరు గలరు
చిన్న యచ్చును జూడక చీటి గొన్న
వాని పాట్లను దలపోయ వశమె సామి

అవతారిక

ఈ పద్యకర్త ఎవరో తెలియదు. ఇన్సూరెన్స్ రెన్యువల్ గడువు ముంచుకొస్తున్న ఒకానొక కారు యజమాని, టోల్‌గేటుకు అల్లంత దూరాన బానెట్ ఎత్తి నిలబడి ఆశువుగా చెప్పాడని సంప్రదాయజ్ఞుల మాట. ఆశువైనా నాలుగు పాదాల్లో ఎక్కడా యతి తప్పలేదంటే, క్రేన్ రావడానికి చాలాసేపే పట్టి ఉండాలి.

ప్రతిపదార్థం

కారు = వాయిదాలు ఇంకా తీరని వాహనము; నడిరోడ్డుపైన్ = వెనకటి ఊరి మెకానిక్కుకూ ముందటి ఊరి మెకానిక్కుకూ సమాన దూరమందు; ఆగి = నిలిచిపోయి; కదలకున్నన్ = తాళం తిప్పినా, నలుగురూ దిగి తోసినా చలించనిచో; ఎత్తుకొనిపోవన్ = షెడ్డుకు చేర్చుటకు; రమ్మన్నన్ = ఫోను చేసి ప్రార్థించినచో; ఎవరు గలరు = ఎవరు వత్తురు?; చిన్న అచ్చును = పాలసీ కాగితము వెనుక చీమల బారువలె నున్న అక్షరములను; చూడక = చదువక; చీటిన్ = బీమా పాలసీని; కొన్నవాని = కొనినట్టివాని యొక్క; పాట్లను = కష్టములను; తలపోయన్ = ఊహించుటకు; వశమె = శక్యమా?; సామి = ఓ ఏజెంటుగారూ!

తాత్పర్యం

బండి దారిలో ఆగిపోతే ఆదుకోవడానికి వేరే ఏర్పాటు ఉండాలి. కారుకు బీమా ఉంది కదా అన్న ధీమాతో ఆ ఏర్పాటు సంగతి చూసుకోనివాడి గతి ఇంతింతని చెప్పనలవి కాదని భావం.

విశేషాలు

“ఆగి” అన్న పదంలోనే ఈ పద్యం ప్రాణమంతా ఉంది. కవి “గుద్దుకొని” అనలేదు, “బోల్తాపడి” అనలేదు. మనవాళ్లు “మాది ఫుల్ ఇన్సూరెన్సండీ” అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పే పాలసీ ప్రమాదానికీ, దొంగతనానికీ, వరదకూ, అగ్నికీ పలుకుతుంది గాని, ఇంజను దానంతటది మొరాయిస్తే పలకదు. యాంత్రిక, విద్యుత్ లోపాలకు బాధ్యత లేదని ప్రామాణిక పాలసీ పాఠంలోనే ఉంది. ప్రమాదం జరిగిన బండిని దగ్గరి షెడ్డుకు చేర్చడానికి అదే పాఠం కారుకు 1,500 రూపాయల దాకా ఇస్తుంది, అదీ ప్రమాదం జరిగితేనే. టైరు సంగతి ఇంకా చిత్రం: టైరొక్కటే పేలితే ఏమీ రాదు, టైరుతో పాటు బండి కూడా దెబ్బతింటే టైరు ఖరీదులో సగం వస్తుంది. ఇదంతా ఎరిగినవాడు కనుకనే కవి “ఆగి” అన్న రెండక్షరాలతో ఫుల్ ఇన్సూరెన్సును పద్యంలోంచి బయటికి నెట్టేశాడు.

“నడిరోడ్డు” అనగా హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి అని ఒక వర్గం వ్యాఖ్యాతలు. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్ల బారు చూసినవారు ఈ అర్థాన్ని కాదనలేరు. కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లని పాఠాంతరాలు కూడా ఉన్నాయి. ఏ పాఠమైనా కవికి 1033 నంబరు తెలియదనే చెప్పాలి. జాతీయ రహదారుల సంస్థ రాత్రింబవళ్లు నడిపే సహాయవాణి అది. ఆ నంబరుకు చేస్తే అంబులెన్సు వస్తుంది, క్రేన్ కూడా వస్తుంది, డబ్బు అడగరు. కాకపోతే ఆ క్రేన్ ముఖ్యంగా రోడ్డు ఖాళీ చేయించడానికి వచ్చేది. బండిని పక్కకో, దగ్గరి సురక్షిత స్థలానికో చేరుస్తుంది తప్ప కూకట్‌పల్లిలో మీ షోరూము గుమ్మం ముందు దించిపోదు. పైగా అది జాతీయ రహదారికే పరిమితం. ఊళ్లోకి మలుపు తిరిగాక ఆగితే ఎవరి దిక్కు వారిదే.

“ఎత్తుకొనిపోవ” అన్న ప్రయోగం చూడండి. “ఈడ్చుకొనిపోవ” అన్నా గణాలు సరిపోతాయి, కావలిస్తే లెక్క వేసుకోండి. ఈకారానికీ ఎకారానికీ యతి కూడా చెల్లుతుంది. అయినా కవి ఎత్తడాన్నే పట్టుకున్నాడు. ఆటోమేటిక్ గేర్ల బండినీ, నాలుగు చక్రాలకూ శక్తి అందే బండినీ, కరెంటు బండినీ చక్రాలు నేలమీద దొర్లేటట్టు తాడు కట్టి లాగితే గేర్‌బాక్సో మోటారో పాడవవచ్చు. వాటిని చదునైన లారీ మీదికి ఎక్కించే తీసుకుపోవాలి. సాయానికి ఫోను చేసినప్పుడు బండి ఏ రకమో ముందే చెప్పకపోతే కొక్కెం బండి వస్తుంది, దాన్ని వెనక్కి పంపి మళ్లీ మొదటి నుంచి ఎదురుచూడాలి. మెకానిక్కుల్లో ఈ పాదానికి మంచి పేరుంది.

“ఎవరు గలరు” అన్నది ప్రశ్న. సమాధానం లేదన్నట్టు కవి నిట్టూర్చాడు గాని, నిజానికి సమాధానాలు ఎక్కువై ఇబ్బంది. కొత్త కారు కొన్నప్పుడు చాలా కంపెనీలు వారంటీ ఉన్నన్నాళ్లు దారి సాయం ఉచితంగా ఇస్తాయి. రెన్యువల్‌లో ఇన్సూరెన్సు కంపెనీ అదే సాయాన్ని “రోడ్ సైడ్ అసిస్టెన్స్” అన్న పేరుతో కొన్ని వందల రూపాయలకు యాడ్ఆన్‌గా అమ్ముతుంది, దానిపైన 18 శాతం జీఎస్టీ. కొన్ని క్రెడిట్ కార్డులతోనూ ఇలాంటి సాయం వస్తుంది. ముగ్గురి దగ్గరా హక్కున్నా వచ్చే క్రేన్ ఒక్కటే. పాతబడి వారంటీ తీరిన బండికి మాత్రం ఈ యాడ్ఆన్ తీసుకోదగ్గదే. దీన్ని వాడుకోవడం సాధారణంగా క్లెయిము కింద లెక్కకు రాదు కనుక, క్లెయిము చేయనందుకు ప్రీమియంలో దొరికే బోనస్ పోదు.

“చిన్న యచ్చు”లో ఏముంటుందంటే, ఏడాదికి ఎన్నిసార్లు పిలవవచ్చు, ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితంగా మోస్తారు, ఆపైన కిలోమీటరుకు ఎంత అన్న లెక్క. పంక్చరైతే మనిషి వస్తాడు, వచ్చి మీ డిక్కీలోని స్టెప్నీ బిగిస్తాడు. స్టెప్నీలో గాలి లేకపోతే ఆయన కూడా మీతో పాటు నిలబడి రోడ్డు చూస్తాడు. పెట్రోలు అయిపోతే ఐదు లీటర్లు తెచ్చిపోస్తారు, తెచ్చినందుకు డబ్బు తీసుకోకపోయినా పెట్రోలుకు చాలాచోట్ల తీసుకుంటారు. బ్యాటరీ దిగితే మరో బ్యాటరీతో స్టార్టు చేసిస్తారు, కొత్త బ్యాటరీ మీ ఖర్చే. ఇవన్నీ న్యాయమైన షరతులే. అర్ధరాత్రి సూర్యాపేట దాటాక మొదటిసారి చదివేవాడికి మాత్రం అన్యాయంగా తోస్తాయి.

“పాట్లు” రెన్యువల్ నాటివి. ఇక్కడ బేరమాడదలచినవాడు ముందు ఏది కదులుతుందో, ఏది కదలదో తెలుసుకోవాలి. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది: 2022 జూన్ 1న అమలైన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు 2,094, 1500 సీసీ దాకా 3,416, ఆపైన 7,897 రూపాయలు. దీనిమీద ఏ ఏజెంటు “మీకోసం తగ్గించాను” అన్నా అది అర్థవాదమే. తగ్గేదల్లా సొంత నష్టం భాగం. క్లెయిము లేని ఏడాదికి 20, ఆ తర్వాత వరసగా 25, 35, 45, 50 శాతం దాకా బోనస్ దానిమీదే లెక్క. బంపర్ గీతకు క్లెయిము చేసి ఆ బోనస్ పోగొట్టుకోవడం తెలివితక్కువ. బోనస్ కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మినప్పుడు సర్టిఫికెట్ రాయించుకుంటే మూడేళ్లలోపు కొత్త కారుకు వాడుకోవచ్చు.

పోయిన ఏడాది తీసుకున్న యాడ్ఆన్లన్నీ ఈ ఏడాది నోటీసులోనూ టిక్కు పెట్టే వస్తాయి. వాటిని ఒక్కొక్కటే తీసి, అదే ఐడీవీకి (అంటే పాలసీలో రాసిన బండి విలువకు) మరో రెండు కంపెనీలను అడిగి చూడాలి. “అదే ఐడీవీకి” అన్న మాట గట్టిగా పట్టుకోండి. ధర తక్కువగా చూపించే ఉపాయాల్లో బండి విలువను తగ్గించి రాయడం పాతది. ప్రీమియం వందల్లో తగ్గుతుంది, బండి పోయిననాడు చేతికొచ్చేది వేలల్లో తగ్గుతుంది. దీన్ని ఆదా అనడం నాకు ఇష్టం లేదు.

బ్రిటన్‌లో 2022 జనవరి 1 నుంచి కారు, ఇంటి బీమాల్లో పాత ఖాతాదారుకు రెన్యువల్ ధర కొత్తవాడికన్నా ఎక్కువ వేయకూడదని అక్కడి నియంత్రణ సంస్థ నియమం పెట్టింది. మన దగ్గర ఆ పని ఏటా మనమే ఫోను చేసి చేసుకోవాలి.

ఇక “సామి” ఎవరన్నదానిలో మతభేదాలున్నాయి. ఏజెంటని ప్రతిపదార్థంలో చెప్పాం. మెకానిక్కని మెకానిక్కులు, కస్టమర్ కేరులో సంగీతం వినిపించే అదృశ్య శక్తి అని తక్కినవారు. ఈ వివాదం ఇక్కడ తేలేది కాదు.

గడువు విషయంలో మాత్రం భేదం లేదు. పాలసీ ముగిసిన 90 రోజుల్లోపు రెన్యూ చేస్తే బోనస్ నిలుస్తుంది. ఆ 90 రోజులూ బీమా ఉన్నట్టు కాదు. గడువు తీరిన మరుక్షణం నుంచి ఏ రక్షణా లేదు, థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కించడం 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. కనుక చదువరులారా, డబ్బు కట్టే ముందు షోరూముకు ఒక ఫోను చేసి, కారుతో ఉచితంగా వచ్చిన దారి సాయం ఇంకా నడుస్తోందో లేదో అడగండి. నడుస్తుంటే ఆ యాడ్ఆన్ టిక్కు తీసేయండి.