డ్యూటీ దిగని వాచ్‌మన్

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఇంట్లో యుద్ధమే. అదే చేతులు షాంపూ సీసా అడుగంటగానే కాసిన్ని నీళ్లు పోసి, గిలక్కొట్టి మరో వారం నెట్టుకొస్తాయి. అయినా బూజు దగ్గరికి రాదు. ఉప్పు లేదు, నూనె లేదు, ఆవపిండి లేదు. మరి లోపల కాపలా ఎవరు? సీసా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో వాడి పేరుంటుంది: మిథైల్ పారాబెన్, లేదా పలకడానికి ఒక ఊపిరి చాలని మిథైల్ ఐసోథయాజోలినోన్. కొన్ని సబ్బుల్లో అయితే ట్రైక్లోసాన్.

ఈ వాచ్‌మన్‌తో చిక్కల్లా డ్యూటీ దిగడం తెలియకపోవడమే. తల మీద అర నిమిషం పని, ఆపైన మోరీ. హైదరాబాద్‌లో అయితే రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యమున్న అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి చేరొచ్చు. అక్కడ చాకిరీ చేసేది ఎవరు? బ్యాక్టీరియా! ఇంట్లో 99.9 శాతం చంపేశామని మురిసిపోతామే, వాటి చుట్టాలే అక్కడి కూలీలు. హంతకుణ్ణి వాళ్ల కార్ఖానాకే పంపి, నీళ్లు తేటగా రాలేదేమని గదమాయిస్తాం. పాపం, పారాబెన్లను చాలావరకు అవి తినేస్తాయి. ట్రైక్లోసాన్ కొంత బురదకు అంటుకుంటుంది, కొంత తప్పించుకుంటుంది. కేంద్రం గడపే తొక్కని మురుగు సరాసరి మూసీలోకి, వాడపల్లి దగ్గర కృష్ణలోకి.

నదిలోనైనా ఊరుకోడు. ట్రైక్లోసాన్ మీద ఎండ పడితే అందులో కొంత డయాక్సిన్ జాతి పదార్థంగా మారుతుంది. తమిళనాట కావేరి, తామ్రపర్ణి నీళ్లలో పారాబెన్లూ ట్రైక్లోసానూ రెండూ దొరికాయి. సబ్బుల్లాంటి వాటిలో మన దేశం 0.3 శాతం దాకా ట్రైక్లోసాన్‌ను అనుమతిస్తుంది. అందులో 500వ వంతు కూడా జీబ్రా చేపల నాడీ వ్యవస్థను దెబ్బతీస్తుందని 2020లో ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు చూశారు. చేపలకు సీసా వెనక చదివే అలవాటు లేదాయె.

మామూలు సబ్బు కంటే మీ క్రిమినాశక సబ్బు ఎక్కువేం పొడిచిందో చూపించండని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో కంపెనీలను అడిగింది. చూపలేకపోయారు. 2016లో ట్రైక్లోసాన్‌తో కలిపి 19 రసాయనాలను చేతి సబ్బుల్లోంచి సాగనంపింది.

పారాబెన్ కథ ఇంకా రసవత్తరం. 2004లో బ్రిటన్ పరిశోధకులకు రొమ్ము కణితుల్లో వాటి జాడ కనబడింది. కారణం అవేనని వాళ్లు తేల్చలేదు గానీ, బజారుకు అంత ఓపికెక్కడిది? సీసాల మీద 'పారాబెన్ ఫ్రీ' వెలిసింది. ఖాళీ అయిన కుర్చీలో చాలాచోట్ల మిథైల్ ఐసోథయాజోలినోన్ కూర్చుంది. జనం ఒళ్లు గోక్కోవడం మొదలుపెట్టాక, 2013లో అమెరికా చర్మ అలర్జీ వైద్యుల సంఘం దాన్ని 'ఈ ఏటి అలర్జీ కారకం'గా ప్రకటించింది. రాసి వదిలేసే క్రీముల్లో యూరప్ దాన్ని నిషేధించింది. కడిగేసే వాటిలో చిటికెడు ఉండొచ్చంది. కడిగితే పోతుంది కదా! ఎక్కడికి అని మాత్రం అడక్కూడదు.

ఆ ప్రశ్న యూరప్‌కు 2024లో తట్టింది. ఇలాంటి అవశేషాలను వడగట్టే అదనపు శుద్ధి ఖర్చులో కనీసం 80 శాతం సౌందర్య సాధనాల, మందుల కంపెనీలే భరించాలని చట్టం చేసింది. 2025లో ఆ కంపెనీలు కోర్టుకెక్కాయి. మన మోరీల దగ్గర ఆ బిల్లు ఇంకా ఎవరి పేరా రాయలేదు. షాంపూ సీసాలో మాత్రం మూడోసారి నీళ్లు పోస్తున్నారు.