లంబసింగిలో చలి, డకోటాలో సేవ

మా మేనకోడలికి డాక్టరు సంబంధం వచ్చిందని పెద్దమనిషిగా నన్నూ వెంటేసుకుని విశాఖపట్నం బయల్దేరారు మావాళ్ళు. పిల్లాడి తండ్రి జంతికల పళ్ళెం మా ముందుకి జరిపి, ఇద్దరు కొడుకుల యోగ్యతలూ వినిపించడం మొదలుపెట్టాడు. పెద్దాడు జనరల్ మెడిసిన్‌లో ఎండీ. సర్కారు ఉద్యోగం వచ్చిందిట. పోస్టింగు పాడేరు.

"చేరాడాండీ?" అన్నాను.

"భలేవారే! ఆ ఘాట్ రోడ్డు, ఆ వైపు లంబసింగి చలి, పిల్లల చదువులు... ఇక్కణ్ణించి నూటపది కిలోమీటర్లండీ బాబూ! హైదరాబాదులో కార్పొరేట్ ఆసుపత్రిలో చేరిపోయాడు. మంచి ఎంజీ ఇస్తున్నారు."

ఎంజీ అంటే మహాత్మా గాంధీ అనుకునేరు. మినిమం గ్యారంటీ. ఓపీకి ఈగ కూడా వాలకపోయినా ఒకటో తారీఖున ఖాతాలో పడే సొమ్ము. ఆర్నెల్లో ఏడాదో గడిచాక ఆ ముచ్చట తీరి, ఎన్ని అడ్మిషన్లు, ఎన్ని పరీక్షలు అన్న లెక్క మొదలవుతుంది. అప్పుడు గ్యారంటీ డాక్టర్ని వదిలి రోగిని పట్టుకుంటుంది. తలనొప్పని వెళ్ళినవాడికి స్కానింగు గ్యారంటీ.

"చిన్నాడు మాత్రం..." అని ఆయన గొంతు తగ్గించాడు. మా పెళ్ళికొడుకు అతనే. "వాడికి మొదట్నుంచీ సేవాభావమండీ. నార్త్ డకోటాలో ఉన్నాడు. పల్లెటూరు. ఊరు మొత్తం రెండు వేల మంది. పెద్ద ఊరెళ్ళాలంటే కార్లో మూడు గంటలు. చలికాలం మైనస్ 30."

లంబసింగి చలికి జడిసిన వంశంలో ఇంతటి వీరుడు పుట్టాడని మావాళ్ళు ముగ్ధులైపోయారు. నాకు మాత్రం ఆ సేవాభావానికి వెనకున్న చట్టం గుర్తొచ్చింది. జె-1 వీసా మీద అమెరికాలో రెసిడెన్సీ చేసిన పరాయి దేశపు డాక్టరు, అది పూర్తికాగానే రెండేళ్ళు సొంత దేశంలో ఉండి రావాలి. అలా వెళ్ళనక్కర్లేకుండా ఒక దారుంది. డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పనిచేస్తే షరతు మాఫీ. 1994లో ఈ ఏర్పాటు తెచ్చిన సెనేటరు కాన్రాడ్‌ది నార్త్ డకోటాయే. ఇప్పుడు ఏటా రాష్ట్రానికి 30 మంది చొప్పున మాఫీ. పైగా పల్లెకొచ్చే డాక్టరుకి నగరంలోకంటే ఎక్కువ జీతం ఇచ్చి మరీ పిలుచుకోవడం అక్కడ మామూలే. అంటే కాకినాడలోనో గుంటూరులోనో మన సర్కారు ఖర్చుతో చదివిన కుర్రాడు, మన పల్లెకి రాకుండా తప్పించుకోవడానికి వాళ్ళ పల్లెలో మూడేళ్ళు మంచు తవ్వుకుంటాడన్నమాట. సేవంటే ఇదీ!

మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? మనమూ ఊరిని బట్టే జీతం ఇస్తాం, కాకపోతే తిరగేసి. తెలంగాణ పీఆర్సీలో ఇంటద్దె భత్యం హైదరాబాదుకి 24 శాతం, పల్లెకి 11. నగరంలో అద్దెలెక్కువ కదా, న్యాయమే. ఏటూరునాగారం వెళ్ళిన సర్జనుకి అసలు అద్దెకి ఇల్లే దొరకదు కనక ఆ 11 కూడా దండగే. సాయంత్రం బోర్డు పెట్టుకుని కూర్చుంటే నగరంలో జనం క్యూ కడతారు. గూడెంలో రోగులకి కొదవ లేదు, ఫీజిచ్చే చెయ్యి ఏదీ?

ఊరి సంగతి ఇలా ఉంటే, ఒంట్లో ఏ భాగమన్నది ఇంకో లెక్క. ర్యాంకర్లంతా రేడియాలజీకీ చర్మానికీ ఎగబడతారు. అనాటమీ, ఫిజియాలజీ సీట్లు మిగిలిపోతాయి. అవి నిండాలని 2023లో పీజీ నీట్ అర్హతని సున్నా పర్సంటైల్‌కి దించారు. పరీక్ష హాలుకి దారి తెలిస్తే చాలన్నమాట. జూబ్లీహిల్స్‌లో బట్టతల మీద వెంట్రుక నాటే డాక్టరు ముందు, పసిపిల్లల డాక్టరు సంపాదనలో నిలవడు. పిల్లలు ఈఎంఐలు కట్టరు కదా.

జాతీయ ఆరోగ్య మిషన్‌లో మాత్రం పల్లెలకొచ్చే స్పెషలిస్టులకి ఒక పథకం ఉంది, యూ కోట్ వీ పే. జీతం ఎంతో నువ్వడుగు, మేమిస్తాం అని. రైతుబజారులో వంకాయలమ్మే ఆవిడ కూడా ఇంత ధారాళంగా మాట్లాడదు. నన్నడిగితే సర్కారువారి నోట ఇన్నేళ్ళలో వచ్చిన నిజాయితీ గల మాట ఇదొక్కటే. కానీ ఈ వేలంలో పాట పాడుకుని వచ్చినవాడు చేసేదేమిటి? గైనకాలజిస్టు ఒక్కతీ వచ్చిందనుకోండి. సిజేరియన్ చెయ్యాలంటే మత్తు డాక్టరు కావాలి. మత్తు డాక్టరు వేలంలో నిలబడడు, వాడికి పట్నంలో నాలుగు నర్సింగ్ హోములు రోజంతా ఫోన్లు చేస్తుంటాయి. పిల్లల డాక్టరు లేడు. రక్తం సీసా లేదు. కొండ మీంచి డోలీలో మోసుకొచ్చిన గర్భిణి చేతిలో ఒక చీటీ పెట్టి, విశాఖ తీసుకుపొమ్మని చెప్పడానికి ఆ గైనకాలజిస్టుకి లక్షల జీతం. కేంద్రం లెక్క ప్రకారమే 2022లో గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకి కావలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం కొరత. ఆ చీటీ రాసేందుకైనా మనిషుంటే అదృష్టమే.

కాఫీలొచ్చాయి. మా అక్క అసలు విషయానికొచ్చింది. "మూడేళ్ళయ్యాక అబ్బాయి అక్కడే ఉంటాడాండీ?"

"అబ్బే! డాలస్ మారిపోతాడు. తెలుగువాళ్ళూ, గుడీ, అన్నీ ఉన్నాయి."

"మరి ఆ ఊరికి డాక్టరో?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"ఇంకో కుర్రాడొస్తున్నాడండీ. మన రాజమండ్రి వాడే. అప్పుడే మాట్లాడేసుకున్నారు వాళ్ళు."

"పాడేరుకో?"

"ఆ... ఎవరో ఒకరు చేరే ఉంటారు లెండి," అని ఫోను తీశాడు. "మొన్న సంక్రాంతికి ఇద్దరూ వచ్చారుగా, ఇవిగో ఫొటోలు." తెల్లారగట్ట లంబసింగి, చుట్టూ పాలపొంగులాంటి మంచు. అన్నదమ్ములిద్దరూ మంకీ క్యాపులు పెట్టుకుని, చేతిలో టీ గ్లాసులతో నవ్వుతున్నారు.