ఓనరూ నేనే, అద్దెకున్నదీ నేనే

మాకు హైదరాబాదులో సొంత ఫ్లాటుంది. అందుకని కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాం.

నవ్వకండి. ఫ్లాటు బాచుపల్లి అవతల. నా ఆఫీసూ, పిల్లాడి స్కూలూ ఇటువైపు. "అద్దెకిచ్చెయ్ బావా, ఆ అద్దే నీ ఈఎమ్ఐ కట్టేస్తుంది" అన్నాడు మా బావమరిది. వాడికి సొంతిల్లు లేదు. కాబట్టి రియలెస్టేటు మీద పట్టు ఎక్కువ.

2021లో వడ్డీలు చవక. 50 లక్షల అప్పు, 6.75 శాతం, 20 ఏళ్ళు, నెలకు 38 వేల పైచిలుకు. వచ్చే అద్దె 18 వేలు. మిగతాది జీతంలోంచి పోతున్నా, మన ఆస్తికే కదా అని సర్దిచెప్పుకున్నాం. నా వడ్డీని రెపో రేటుకు ముడిపెట్టారని నేను సంతకం చేసిన కాగితాల్లోనే ఉందట. అందులో నేను శ్రద్ధగా చూసింది నా ఇంటిపేరు సరిగ్గా పడిందా లేదా అన్నదొక్కటే.

2022 మేలో 4 శాతం దగ్గరున్న రెపోను రిజర్వు బ్యాంకు కదిపింది. 2023 ఫిబ్రవరికల్లా ఆరున్నర చేసింది. నా వడ్డీ తొమ్మిదింబావుకు చేరింది. ఈఎమ్ఐ మాత్రం పైసా పెరగలేదు. బ్యాంకువాళ్ళు ఎంత మర్యాదస్తులో అని మా ఆవిడ దగ్గర మెచ్చుకున్నాను కూడా. ఆవిడ స్టేట్‌మెంటు తీసి నా ముందు పెట్టింది. కట్టినదాంట్లో 37 వేలు వడ్డీకే పోతున్నాయి, అసలుకు జమయ్యేది వెయ్యి లోపు. వాళ్ళు పెంచింది వాయిదాల సంఖ్యని! అవి నా రిటైర్మెంటు దాకా సాగి, ఇంక సాగే చోటు లేక, అప్పుడు ఈఎమ్ఐ మీద పడ్డాయి.

నష్టమొచ్చినా పన్ను తగ్గుతుందని ఆడిటరు ఆశ పెట్టాడు. అద్దెలో 30 శాతం మరమ్మతుల పేరు మీద తీసేస్తారట, మేకు కొట్టించకపోయినా సరే. కట్టిన వడ్డీ అంతా తీసేస్తారట. ఆపైన మిగిలే నష్టంలో ఏడాదికి 2 లక్షల దాకా జీతంలోంచి తగ్గించి చూపించుకోవచ్చట. నష్టం 2 లక్షలు దాటినందుకు కాలరెగరేశాను. ఆ ఏడాదే కొత్త పన్ను విధానంలోకి మారాను. అందులో ఈ వెసులుబాటు లేదు. ఇది మారాక తెలిసింది.

డబ్బు పోతే పోయింది, బుద్ధి రెండుగా చీలింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటు కోసం అడ్వాన్సులో ఒక నెల అద్దె కోసుకోవడం దోపిడీ అని కూకట్‌పల్లిలో నా నిశ్చితాభిప్రాయం. బాచుపల్లిలో అది ఊరి ఆచారం. 11 నెలల అగ్రిమెంటు తిరగరాసే వేళకి మా ఓనరాంటీ అద్దె 10 శాతం పెంచుతానంది. జీతాలెక్కడ పెరిగాయండీ, 5 చాలు అని గుమ్మంలో నిలబడి అరగంట వాదించాను. మెట్లు దిగుతూనే మా ఫ్లాటులో ఉన్నాయనకి ఫోన్ చేసి 10 శాతం అడిగాను. నేను ఆంటీతో అన్న మాటలే ఆయన నాతో అన్నాడు. నాకన్నా బాగా అన్నాడు. వాదన నచ్చి 5కి ఒప్పేసుకున్నాను. ఆంటీకి మాత్రం నా వాదన నచ్చలేదు.

మొన్న చలికాలం మా గీజరు పోయింది. "వాడింది మీరు, బాగు చేయించుకోవాల్సిందీ మీరే" అంది ఆంటీ. అదే వారం బాచుపల్లి నుంచి ఫోను: "సార్, గీజర్లో నీళ్ళు సరిగ్గా కాగడం లేదు, కొత్తది పెట్టించండి." వాడింది మీరు కదా అనబోయి, ఇల్లు ఖాళీ చేస్తాడేమోనన్న భయంతో, కొత్తది కొని మనిషిని పంపించాను.

"మరి పాతది?" అంది మా ఆవిడ.

ఆటోలో తెప్పించి మా బాత్రూములో బిగించాం. గోరువెచ్చగానైనా వస్తున్నాయి. సాయంత్రం నీళ్ళ బిల్లు ఇవ్వడానికి వచ్చిన ఆంటీ లోపలికి తొంగిచూసింది.

"గోడకి కొత్త కన్నాలెవరు పెట్టారు? అడ్వాన్సులో కోస్తా."